బుల్లితెర నవ్వులు, పాల్వంచ చెవులు

తెలుగులో సినిమా విమర్శకు ఒక చరిత్ర ఉంది. కొడవటిగంటి కుటుంబరావు కథలూ నవలలూ రాసిన చేత్తోనే సినిమాల మీద విరివిగా వ్యాసాలు రాశారు. ముళ్ళపూడి వెంకటరమణ వెండితెరకు కథలూ మాటలూ అందించడానికి ముందు ఆంధ్రపత్రికలో సినిమాల గురించి రాసిన పాత్రికేయులు. వారి అభిప్రాయాలతో పాఠకులు ఏకీభవించారా లేదా అన్నది వేరే సంగతి. సినిమా చూసి, ఆలోచించి చెప్పిన మాటకు ఒక విలువ ఉంటుందన్న నమ్మకం మాత్రం మనలో స్థిరపడింది. టెలివిజన్‌కు ఆ భాగ్యం అంతగా కలగలేదు. టెలివిజన్‌లోని హాస్యానికి దాదాపుగా కలగనే లేదు.

నాగసూరి వేణుగోపాల్ వంటి కొద్దిమంది మాధ్యమాల తీరుతెన్నుల మీద నిలకడగా రాస్తూ వచ్చారు. ఆ కృషిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నేను వెతుకుతున్నది మరొకటి. ఒక ఆదివారం రాత్రి ప్రసారమైన హాస్య ఎపిసోడ్‌ను ఒక చిన్న నాటికగా ఎంచి, అందులో నవ్వు ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది, చివరకు ఎవరి మీద పడింది అని పాఠకులతో కూర్చుని మాట్లాడే అలవాటు మనకు ఎందుకు రాలేదు?

ఈ విషయం మీద నేను అప్పుడప్పుడు రాసినప్పుడల్లా పాఠకుల నుంచి రెండు రకాల జవాబులు వస్తుంటాయి. మొదటిది: "పగలంతా కష్టపడి రాత్రి కాసేపు నవ్వుకునేదానికి విమర్శ ఎందుకండీ?" రెండవది: "అలాంటి కార్యక్రమాలను నిషేధించాలి. మీరు వాటి గురించి రాయడమే తప్పు." పైకి ఈ రెండూ ఉత్తర దక్షిణ ధ్రువాల్లా కనిపిస్తాయి గాని, లోపల రెండింటిదీ ఒకటే మాట: హాస్యం గురించి మాట్లాడవలసినదేమీ లేదు, చూడాలి లేదా మూసేయాలి. ఈ వ్యాసం ఆ ఇద్దరు పాఠకులకూ నా జవాబు. దీన్ని మా పాల్వంచ నుంచి చెప్పడానికి ఒక కారణం ఉంది.

పాల్వంచలో ఉన్న విద్యుత్ కేంద్రం పేరు కొత్తగూడెం థర్మల్. ఊరొకటి, పేరొకటి. 1960ల నడుమ ఆ కేంద్రమూ, తరువాత స్పాంజ్ ఐరన్ కర్మాగారమూ, ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ వచ్చేసరికి కిన్నెరసాని అడవి పక్కన ఉన్న ఈ ఊరికి నాలుగు దిక్కుల నుంచీ జనం వచ్చి చేరారు. క్వార్టర్ల వరుసలో ఒక ఇంట్లో కృష్ణా జిల్లా మాట, పక్కింట్లో వరంగల్ మాట, ఆ పక్కన రాయలసీమ మాట. ఊరి చుట్టూ కోయగూడేలు. అసలు ఈ ప్రాంతమే సరిహద్దుల మీద సరిహద్దులు గీసిన నేల. 1860లో నిజాం భద్రాచలం ప్రాంతాన్ని బ్రిటిషువారికి అప్పగించడంతో ఇవతల నిజాం రాజ్యం, అవతల బ్రిటిషు పాలన అయ్యాయి. 1953లో వరంగల్ నుంచి విడదీసి ఖమ్మం జిల్లా ఏర్పరచారు. తూర్పు గోదావరిలో ఉన్న భద్రాచలం 1959లో ఇందులో కలిసింది. 2014లో పోలవరం ముంపు పేరిట ఏడు మండలాల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం కొత్త జిల్లా అయింది.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1969 తెలంగాణ ఉద్యమానికి తొలి నిప్పు రాజుకున్న చోట్లలో ఈ థర్మల్ కేంద్రం ఒకటి. స్థానికులకు దక్కవలసిన ఉద్యోగాలు బయటివారికి వెళ్తున్నాయన్న ఆవేదన ఇక్కడ మొదలై ఖమ్మానికీ, హైదరాబాదుకూ పాకింది. ఎవరు ఎక్కడివారో తెలుసుకోవడానికి అన్నిటికంటే దగ్గరి దారి మాట తీరు. నోరు విప్పగానే మనిషి ఊరు తెలిసిపోయే చోట, మాట తీరు మీద వేసిన హాస్యం అందరి చెవిలోనూ ఒకేలా పడదు. ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న రెండు ఇళ్లలో ఒకే సంభాషణకు ఒక ఇల్లు నవ్వేది, మరో ఇల్లు ఊరుకునేది. హాస్య విమర్శకుడికి ఇంతకంటే మంచి పరీక్షాస్థలం దొరకదని నా అభిప్రాయం.

టెలివిజన్ రాకముందు ఇక్కడి చెవులను తయారుచేసింది రేడియో. ఈ ప్రాంతపు ఇళ్లలో హైదరాబాదు కేంద్రమూ పలికేది, 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రమూ పలికేది. రేడియో నాటకంలో ముఖం లేదు, వేషం లేదు. పాత్ర నవ్వించాలంటే గొంతూ మాటా తప్ప వేరే ఆసరా లేదు. అందుకే రేడియో వినిన తరానికి మాట విరుపు మీద పట్టు ఎక్కువ. ఎవరు ఎలా పలికారో వారు వారం తర్వాత కూడా తిరిగి పలికి చూపేవారు.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రారంభమయింది. అంతకు ముందే 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజన్ చూపిన ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. కాని హైదరాబాదుకు రెండువందల యాభై కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్న పాల్వంచకు 1977 ప్రారంభోత్సవం పత్రికలో చదివిన వార్త మాత్రమే. 1984లో కొన్ని నెలలపాటు దాదాపు రోజుకొకటి చొప్పున దేశమంతటా చిన్న ప్రసార కేంద్రాలు నెలకొల్పారు. అటువంటి కేంద్రాలు చాలావరకు మొదట ఢిల్లీ నుంచి ఉపగ్రహం ద్వారా వచ్చేదాన్నే అందించేవి. దీని ఫలితం విచిత్రమైనది. దేశంలోని అనేక చిన్న పట్టణాలు తమ భాషలోని హాస్యం కంటే ముందు హిందీ హాస్యాన్ని తెర మీద చూశాయి.

ఆ హిందీ హాస్యంలో పేరెన్నిక గన్నది 1984లో వచ్చిన 'యే జో హై జిందగీ'. శరద్ జోషి రచన. ఒక మధ్యతరగతి ఇల్లు, భార్యాభర్తలు, ఉద్యోగం లేని బావమరిది. సతీశ్ షా దాదాపు ప్రతి ఎపిసోడ్‌లోనూ వేరొక మనిషిగా ఆ ఇంట్లో అడుగుపెట్టేవారు. ఇల్లు మారదు, ఇంటివారు మారరు, వచ్చే ఉపద్రవం మాత్రం వారం వారం కొత్త వేషం వేసుకుని వస్తుంది. ఇది ఆ ధారావాహికకు మూలస్తంభం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, 'అమృతం' దగ్గర మళ్ళీ పనికివస్తుంది.

అదే 1984 జూలైలో మొదలైన 'హమ్ లోగ్' హాస్యం కాదు గాని, మన విషయానికి అది చాలా దగ్గరిది. మనోహర్ శ్యామ్ జోషి రాసిన ఆ ధారావాహికలో ఎపిసోడ్ ముగిసిన తరువాత అశోక్ కుమార్ తెర మీదికి వచ్చి, అప్పటిదాకా జరిగినదాని గురించి ప్రేక్షకులతో మాట్లాడేవారు. ఎవరు చేసింది ఒప్పు, ఎవరు చేసింది తప్పు, మీరైతే ఏమి చేస్తారు అని అడిగేవారు. పదిహేడు నెలల ప్రసారకాలంలో ఆ ధారావాహికకు నాలుగు లక్షల దాకా ఉత్తరాలు వచ్చాయని పరిశోధకులు నమోదు చేశారు. అంటే ఎపిసోడ్ గురించి మాట్లాడవలసినది ఉన్నదని ఎవరైనా పెద్దమనిషి ఒక మాట ఎత్తితే చాలు, అందుకోవడానికి జనం సిద్ధంగానే ఉన్నారు. హైదరాబాదు దూరదర్శన్‌లోనూ ప్రేక్షకుల ఉత్తరాలు చదివి బదులు చెప్పే 'జాబులు-జవాబులు' ఉండేది. ఛానెల్‌కూ ప్రేక్షకుడికీ మధ్య ఒక పోస్టుకార్డు దారి ఉండేదన్నమాట.

దూరదర్శన్ తెలుగు హాస్యంలో నేటికీ జనం తలచుకునేది 'ఆనందో బ్రహ్మ'. ధర్మవరపు సుబ్రహ్మణ్యాన్ని ఇంటింటికీ పరిచయం చేసింది ఆ కార్యక్రమమే. ఆయన నవ్వించే పద్ధతిలో తొందర లేదు. అతి మామూలు మాటను అతి గంభీరంగా, ఏ ప్రమాదమూ జరగనట్టు పలికి వదిలేసేవారు. నవ్వడం మన బాధ్యత. సినిమాల్లో అధ్యాపకుడిగా, తండ్రిగా ఆయన తరువాత వేసిన పాత్రలన్నిటా ఆ పద్ధతే కనిపిస్తుంది. ఆయన 2013 డిసెంబరు 7న కన్నుమూశారు. సంతాప వ్యాసాలు చాలానే వచ్చాయి. 'ఆనందో బ్రహ్మ' ప్రసారమవుతున్న రోజుల్లో దాన్ని పరిశీలించి రాసిన వ్యాసం చూపమని అడిగితే మాత్రం తడుముకోవలసి వస్తుంది.

దీనికి మూడు కారణాలు నాకు తోస్తున్నాయి.

మొదటిది కాలం. సినిమా ఆడుతూ ఉంటుంది కాబట్టి సమీక్ష చదివినవాడు వెళ్లి చూడవచ్చు, మానవచ్చు. ఎపిసోడ్ గాలిలో కలిసిపోయాక వచ్చే సమీక్ష ఎవరికి? బ్రిటన్‌లో క్లైవ్ జేమ్స్ 1972 నుంచి 1982 వరకు 'అబ్జర్వర్' పత్రికలో వారం వారం టెలివిజన్ మీద రాసి ఈ ప్రశ్నకు ఒక జవాబు చూపారు. ఆయన చూడమనో చూడవద్దనో చెప్పడానికి రాయలేదు. పాఠకుడు ఇప్పటికే చూసినదాన్ని మరోసారి చూపించడానికి రాశారు. టెలివిజన్ విమర్శకుడు సలహాదారు కాడు, తోటి ప్రేక్షకుడు. ఆ పాత్ర మన పత్రికలలో ఏర్పడలేదు.

రెండవది యాజమాన్యం. 1995లో జెమిని, ఈటీవీ మొదలయ్యాయి. ఈటీవీ ఈనాడు సంస్థలది. ఆ తర్వాతి కాలంలో ఇతర పెద్ద దినపత్రికలకూ సొంత ఛానెళ్లు వచ్చాయి. పత్రికా, ఛానెలూ ఒకే ఇంటి బిడ్డలైనప్పుడు ఒకరు మరొకరిని నిష్పాక్షికంగా సమీక్షించడం కష్టం. పొరుగింటి ఛానెల్‌ను విమర్శిస్తే పోటీ అంటారు. ఎవరినీ నిందించనక్కరలేదు, ఏర్పాటే అటువంటిది.

మూడవది టేపు. వీడియో టేపు ఖరీదైన రోజుల్లో పాతది తుడిచి కొత్తది చిత్రించుకోవడం ప్రపంచమంతటా ఉన్న అలవాటు. బీబీసీ అంతటి సంస్థ పీటర్ కుక్, డడ్లీ మూర్ జంట చేసిన హాస్య కార్యక్రమంలో చాలా భాగాన్ని తుడిపేసింది. చిత్రం పోయిన తరువాత మిగిలేది దాని గురించి రాసిన మాట ఒక్కటే. రాసిన మాట కూడా లేకపోతే చరిత్ర ఇక జ్ఞాపకాల మీద నడవాలి. తెలుగు టెలివిజన్ హాస్యపు మొదటి ఇరవై ఏళ్ల చరిత్ర చాలావరకు అలాగే నడుస్తున్నది.

'అమృతం' విషయంలో మనం అదృష్టవంతులం. 2001 నవంబరు 18 ఆదివారం జెమిని టీవీలో మొదలై 2007 నవంబరు 18 ఆదివారంతో ముగిసిన ఆ ధారావాహిక మొత్తం 313 ఎపిసోడ్లు. రెండు తేదీల మధ్య ఉన్న ఆదివారాలు 314. అంటే ఆరేళ్లపాటు దాదాపు ఒక్క వారమూ ఖాళీ పోలేదు. గుణ్ణం గంగరాజు రూపకల్పన. ఆ ఎపిసోడ్లు తరువాత యూట్యూబ్‌లోకి వచ్చినందువల్ల, ప్రసారమైన నాటికి పుట్టని పిల్లలు కూడా వాటిని చూస్తున్నారు. అమెరికాలోని తెలుగు ఇళ్లలో వాటిని తిప్పితిప్పి చూసేవారు ఎందరో. కాబట్టి ఈ ఒక్కదాని గురించి నేను చెప్పే మాటను మీరు తెర మీద సరిచూసుకోవచ్చు. విమర్శకుడికీ పాఠకుడికీ మధ్య సంభాషణ సాధ్యం కావాలంటే ముందు ఇద్దరి ఎదుటా ఒకే వస్తువు ఉండాలి గదా!

'అమృతం' నడక గమనించండి. అమృతరావుకు డబ్బు వచ్చే ఉపాయం ఒకటి తడుతుంది. ఆంజనేయులును అందులోకి లాగుతాడు. భార్యలు అడ్డు చెబుతారు, లేదా వాళ్లకు తెలియకుండా పని సాగుతుంది. ఇంటి యజమాని అప్పాజీ వాసన పడతాడు. సర్వం అన్నీ చూస్తూ ఉంటాడు. ఉపాయం బెడిసికొడుతుంది. వారం చివరకు అందరూ మళ్ళీ అదే అద్దె ఇంట్లో, అదే అమృత విలాస్‌లో ఉంటారు. లాభమూ లేదు, మరీ మునిగిపోయిందీ లేదు. ప్రతివారమూ సున్నా దగ్గర మొదలై సున్నా దగ్గరికే చేరడం ఆ రచనలోని నియమం.

ఇక నటుల సంగతి. అమృతం పాత్రను మొదట శివాజీరాజా, తరువాత నరేశ్, ఆ తరువాత హర్షవర్ధన్ పోషించారు. సంజీవని పాత్రలోనూ నటీమణులు మారారు. మామూలుగా కథానాయకుడు మారితే ధారావాహిక కూలిపోవాలి. ఇది కూలలేదు. ఎందుకని పాఠకులను అడిగితే చాలామంది "గుండు హనుమంతరావు ఉన్నాడు కాబట్టి" అంటారు. అందులో నిజం ఉంది. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు, అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి చివరిదాకా నిలిచి ఉన్నారు. కాని నేను ఇంకొక మాట కలుపుతాను. 'యే జో హై జిందగీ'లో నటుడు ఒకడే, పాత్రలు వారం వారం మారాయి. 'అమృతం'లో పాత్ర ఒకటే, నటులు మారారు. రెంటిలోనూ మారనిది ఇల్లు. అద్దె కట్టవలసిన మధ్యతరగతి ఇల్లు చెక్కుచెదరనంతకాలం అందులో ఎవరు తిరిగినా నవ్వు పుడుతూనే ఉంటుంది. 2014లో 'చందమామలో అమృతం' పేరిట అదే బృందపు కథను సినిమాగా తీసి హోటల్‌ను చంద్రుడి మీదికి తీసుకువెళ్లారు. నేల విడిచిన ఆ సాము ధారావాహిక అంతటి ఆదరణ పొందలేకపోవడం నా వాదనకు ఒక సాక్ష్యంగా చెప్పుకోవచ్చు. గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరి 19న మరణించారు. 2020లో జీ5లో 'అమృతం ద్వితీయం' వచ్చినప్పుడు ఆయన లేని ఆంజనేయులును ఒప్పుకోవడానికి ప్రేక్షకులకు కష్టమయింది.

పాల్వంచ చెవికి 'అమృతం'లో మరో గుణం వినిపిస్తుంది. ఆ నవ్వులో ఎక్కువ భాగం సన్నివేశం నుంచి పుట్టినది. ఒక ప్రాంతపు మాటను పట్టుకుని వెక్కిరించడం మీద అది నిలబడలేదు. ఇది చిన్న విషయం కాదు. అప్పటికి తెర మీద తెలంగాణ మాటకు దక్కిన స్థానం ఎటువంటిదో తలచుకుంటే దాని విలువ తెలుస్తుంది. 1985 నాటి 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు కాశయ్యగా తెలంగాణ మాట పలికి గొప్ప నటుడిగా నిలబడ్డారు. నటన గొప్పదే, కాని ఆ మాట దక్కింది దుర్మార్గుడికి. ఆ తరువాత రౌడీకి, పనివాడికి, తెలివితక్కువ బంటుకు అదే మాట తొడగడం రివాజయింది. మహారాష్ట్రలో పుట్టిన నటీమణి ఒకరు ఆ మాట పలికి నవ్వించీ భయపెట్టీ చివరకు తెలంగాణ శకుంతలగానే పేరు పొందారు. 1992లో 'మొండిమొగుడు పెంకి పెళ్లాం'లో విజయశాంతి కథానాయికగా తెలంగాణలో మాట్లాడితే అదొక వింతగా చెప్పుకున్నారు. కథానాయిక తన నేల భాష మాట్లాడటం వింత కావడమే అసలు వింత.

ఇక్కడ థర్మల్‌లో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన నాతో వాదించారు. ఆయనది గుంటూరు వైపు. "మా మాటను వెక్కిరించలేదా? గోదావరి జిల్లాల మాటను వెక్కిరించలేదా? ఉత్తరాంధ్ర మాటను వెక్కిరించలేదా? హాస్యమన్నాక అన్నీ ఉంటాయి" అన్నారు. కాదనలేము. దానికి నేను చూపిన పరీక్ష ఇది: ఆ సంభాషణను మరో ప్రాంతపు మాటలోకి మార్చి పలికి చూడండి. నవ్వు నిలిస్తే అది సన్నివేశపు నవ్వు. ఆవిరైపోతే అది మనిషి మీది నవ్వు.

భద్రాచలం మిత్రుడొకరు ఈ పరీక్షను ఒప్పుకోలేదు. "గిరీశం మాటల్లోంచి ఇంగ్లీషు తీసేయండి, ఏమి మిగులుతుంది? మధురవాణి మాటను పుస్తక భాషలోకి మార్చండి, ఆమె ఉంటుందా?" అని అడిగారు. నూటికి నూరుపాళ్లూ సరైన ప్రశ్న. 'కన్యాశుల్కం' 1892లో తొలిసారి రంగస్థలం ఎక్కింది మొదలు ఈనాటి వరకు దాని హాస్యం మాట తీరులోనే బతికి ఉంది. కాబట్టి పరీక్షను కొంచెం సవరించుకోవాలి. గిరీశానికి తన మాట ఆయుధం, దానితో ఎదుటివాడిని ఆడిస్తాడు. సినిమాలోని బంటుకు అతని మాట ఒక సంకెల, అది విని ఎదుటివారు అతన్ని ఆడిస్తారు. మాట మీద అధికారం మాట్లాడేవాడి చేతిలో ఉందా, వినేవాడి చేతిలో ఉందా అన్నదే ప్రశ్న. ఈ సవరణ నాకు పాఠకుడు ఇచ్చినది. సంభాషణ వల్ల విమర్శ పదునెక్కుతుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఈ కొలబద్దతో తరువాతి కాలాన్ని చూద్దాం. 2012లో మొదలైన వీ6 ఛానెల్‌లో 'తీన్మార్ వార్తలు' తెలంగాణ మాటలో నడిచాయి. వార్తలే, హాస్యం కలిపిన వార్తలు. బిత్తిరి సత్తి అందులో ఇంటింటికీ పరిచయమయ్యాడు. "పేరులోనే బిత్తిరి ఉంది, మళ్ళీ తెలంగాణవాడిని తెలివితక్కువవాడిగానే చూపారు గదా" అని కొందరు పాఠకుల అభ్యంతరం. నాకలా తోచదు. సంస్కృత నాటకంలోని విదూషకుడు కూడా తెలివితక్కువవాడే. కాని రాజుతో ఎవరూ అనలేని మాట అతడే అంటాడు. సత్తి అడిగే వెర్రి ప్రశ్నకు ఎదుటివారి దగ్గర జవాబు ఉండదు. సంభాషణలో గెలుపు అతనిదే. మాట మారలేదు, అధికారం చేతులు మారింది. 2014లో రాష్ట్రం ఏర్పడి, కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవమైన కాలమది. తెర మీది మార్పును ఆ నేపథ్యంలో చూడాలి.

2013 ఫిబ్రవరి 7న ఈటీవీలో మొదలైన 'జబర్దస్త్' గురించి ఒక్కమాటలో తీర్పు చెప్పడం అన్యాయం. ఆ వేదిక మీదికి అన్ని జిల్లాల పిల్లలూ వచ్చారు, సినిమావారి అండ లేని వారికి అది జీవిక చూపింది. సిరిసిల్ల నుంచి వచ్చిన వేణు యెల్దండి అక్కడ నవ్వించి, 2023లో 'బలగం' తీశాడు. తెలంగాణ పల్లెలోని చావునూ, బంధుత్వాన్నీ ఆ ఊరి మాటలోనే చెప్పిన సినిమా అది. మరోవైపు, ఆడవారిని, లావుపాటి వారిని, కొన్ని వృత్తులవారిని చులకన చేసిన స్కిట్లు అక్కడ కోకొల్లలు. న్యాయనిర్ణేతల నవ్వు ఆ కార్యక్రమంలో ఒక భాగం. 1950లలో అమెరికాలో చార్లెస్ డగ్లస్ రికార్డు చేసిన నవ్వులను యంత్రంతో కార్యక్రమాలకు జోడించాడు. ఇక్కడ యంత్రం లేదు, కళ్ల ఎదుట ప్రముఖులు కూర్చుని నవ్వుతారు. ఎక్కడ నవ్వాలో మనకు చెప్పేది వారే. ఆ నవ్వు ఆపి స్కిట్‌ను చదివితే ఎంత మిగులుతుందన్నది ప్రతి వీక్షకుడూ తనకు తాను వేసుకోవలసిన ప్రశ్న.

ఈ కార్యక్రమం మీద పలు వర్గాల నుంచి నిరసనలు వచ్చాయి. అక్కడే నా అసలు వాదన ఉంది. విమర్శ లేనిచోట ఫిర్యాదు పుడుతుంది. 1995 నాటి కేబుల్ టీవీ చట్టం ఉంది, దాని కింద కార్యక్రమ నియమావళి ఉంది, 2011లో ఏర్పడిన ప్రసారాల ఫిర్యాదుల మండలి ఉంది. ఫిర్యాదుకు ఒక కిటికీ ఉంది. ఆదరణకు రేటింగు అనే కిటికీ ఉంది. రేటింగులోనూ చాలాకాలం పల్లెటూరి ఇల్లు లెక్కలోకి రాలేదు. బార్క్ సంస్థ గ్రామీణ వీక్షణాన్ని చేర్చినది 2015 అక్టోబరులో. అంటే 'అమృతం' ఆరేళ్లూ అడవి అంచు పల్లెల నవ్వు ఎవరి లెక్కలోనూ లేదు. ఫిర్యాదు "తీసేయండి" అంటుంది. రేటింగు "ఇంకా వేయండి" అంటుంది. "ఇది ఇలా కాక ఇంకోలా రాసి ఉంటే ఎంత బాగుండేది" అని ఆ రెండూ అనలేవు. ఆ మాట అనగలిగేది విమర్శ ఒక్కటే. రచయితకు పనికివచ్చే మాట కూడా అదొక్కటే.

ఆ మాట కోసం ఎదురుచూస్తున్నవారు ఈ ఊరి పక్కనే ఉన్నారు. కోయ భాష ద్రావిడ కుటుంబానిదే, గోండికి దగ్గరి చుట్టం. 2011 జనాభా లెక్కల్లో దాన్ని తమ భాషగా చెప్పుకున్నవారు నాలుగు లక్షలకు పైన. తెలుగు హాస్యంలో అడవి మనిషి అంటే నేటికీ తల మీద ఈకలు, నడుముకు ఆకులు, అర్థం లేని అరుపులు. ఇక్కడి ఆశ్రమ పాఠశాలలో పనిచేసిన మిత్రుడొకరు చెప్పిన సంగతి. అటువంటి స్కిట్ ఒకటి వస్తుంటే పిల్లలందరూ నవ్వారట, కోయ పిల్లలతో సహా. ఒక పిల్లవాడు మాత్రం నవ్వడం అయిపోయాక "సార్, వాళ్లు ఏ ఊరోళ్లు?" అని అడిగాడట. వాళ్లు ఏ ఊరివాళ్లూ కారు. ఆ భాష ఎవరిదీ కాదు. ఈ ప్రశ్నను ఫిర్యాదుగా రాసి పంపితే మండలి వారు ఏ నియమం కింద చేర్చాలో తెలియక తికమకపడతారు. విమర్శగా రాస్తే, స్కిట్ రాసేవారిలో ఒక్కరికైనా తట్టవచ్చు: నిజమైన కోయగూడెం నుంచి వచ్చిన ఒక కుర్రవాడు పట్నం హోటల్లో సర్వర్‌గా చేరి, అక్కడి మనుషుల తెలివితక్కువతనాన్ని తన భాషలో తనలో తాను గొణుక్కుంటే, అందులో నవ్వు లేదా?

తెలంగాణ మాట బంటు నోటి నుంచి సత్తి నోటికి చేరడానికి పాతికేళ్లకు పైగా పట్టింది. అంతకాలం పట్టడానికి కారణాలలో మన మౌనం ఒకటి. "నవ్వుకునేదానికి విమర్శ ఎందుకండీ" అన్న పాఠకునికి నేను చెప్పగలిగింది ఇంతే. ఏడిపించిన కథ గురించి మనం గంటల తరబడి మాట్లాడుకుంటాం. నవ్వించిన కథ గురించి కూడా పది నిమిషాలు మాట్లాడుకుందాం. ఎందుకు నవ్వామో, ఎవరిని చూసి నవ్వామో, ఆ మనిషి మన పక్కనే కూర్చుని ఉంటే కూడా నవ్వేవాళ్లమో కాదో. 2024 ఆగస్టులో పాత థర్మల్ కూలింగ్ టవర్లను పడగొట్టినప్పుడు పాల్వంచలో చాలామంది కళ్లు చెమర్చాయి. ఆ టవర్ల నీడన పెరిగిన క్వార్టర్లలో మూడు నాలుగు రకాల తెలుగులు ఒకదాన్నొకటి ఆటపట్టించుకుంటూ, అప్పుడప్పుడు నొప్పించుకుంటూ, మళ్ళీ కలిసిపోతూ బతికాయి. బుల్లితెర హాస్యం మా ఊరి నుంచి నేర్చుకోవలసినది ఏదైనా ఉంటే, ఆ కలిసి బతికిన చెవే.